.32 వాడ్‌కటర్ తూటా: సెంటర్ ఫైర్ పిస్టల్‌లో దీనికింత మోజు ఎందుకు?

ప్రశ్న: ఓరుగల్లు పిస్టల్ (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. నేను .22 పిస్టల్‌తో (.22, .32 వంటివి అంగుళాల్లో తూటా వ్యాసాన్ని సుమారుగా చెప్పే పేర్లు) 25 మీటర్ల పోటీలకు సాధన చేస్తున్నాను. అందుకోసం వారాంతాల్లో కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి వస్తుంటాను. ఈ మధ్య మా బృందంలోని ఒక సీనియర్ గారు సెంటర్ ఫైర్ (.22 కంటే పెద్ద తూటాలతో జరిగే) విభాగం కోసం ఇటలీలో తయారైన పార్దీని హెచ్‌పీ పిస్టల్ తెప్పించుకున్నారు. అది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కటర్ అనే తూటాతో పనిచేస్తుంది. ఆయన పక్కనే నిలబడి చూపిస్తుండగా నేనూ దానితో ఒక సిరీస్ కాల్చాను. టార్గెట్ కాగితం మీద పడిన రంధ్రాలు కత్తెరతో కోసినంత శుభ్రంగా ఉన్నాయి. చేతికి తగిలిన దెబ్బ .22 కంటే స్పష్టంగా ఎక్కువే అయినా, భయపెట్టేది మాత్రం కాదు.

అప్పటి నుంచి నాకు కొన్ని సందేహాలు తొలుస్తున్నాయి. నేను చదివినంత వరకు ఇది 1896లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన రివాల్వర్ కోసం తెచ్చిన తూటా. అడుగున అంచు బయటికి పొడుచుకొని ఉండే ఇలాంటి తూటా రివాల్వర్ సిలిండర్‌కు అనువైనదే కాని, ఒకదాని మీద ఒకటి పేర్చే మ్యాగజైన్‌కు అడ్డుపడేదే కదా? సెమీ-ఆటోమేటిక్ పిస్టళ్ల కోసమే పుట్టిన .32 ఏసీపీ మన దేశంలో లైసెన్సుదారుల చేతుల్లో కావలసినంత ఉండగా, దాన్ని వదిలి ఈ పాత రివాల్వర్ తూటాను పిస్టల్‌లో ఇరికించడం ఎందుకు? దీనిలో నిజంగా సాంకేతికమైన మేలు ఉన్నదా, లేక నలుగురి దగ్గర లేనిది తన దగ్గర ఉన్నదన్న సంతోషమే అసలు కారణమా? చివరిగా, వరంగల్ లాంటి చోట ఉండి దీని జోలికి పోవడం తెలివైన పనేనా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే నాతో పాటు ఇతరులకూ ఉపయోగం.

జవాబు: పాత ఆర్మరర్ (మామునూరు)

మీ మొదటి ప్రశ్న వరకు నేను చెప్పగలను. పోలీసు బెటాలియన్‌లో ఆయుధాలు విప్పి బిగించడమే ఉద్యోగంగా గడిపినవాణ్ణి. పదవీ విరమణ తరువాత క్రీడా పిస్టళ్లను శుభ్రం చేసి ఇవ్వడం అలవాటైంది.

అంచు ఉన్న తూటా మ్యాగజైన్‌లో ఇబ్బంది పెడుతుందన్న మీ అనుమానం సరైనదే. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే, బోల్టు (తూటాను వెనుక నుంచి గొట్టంలోకి, అంటే బ్యారెల్‌లోకి నెట్టే భాగం) ముందుకు తోసినప్పుడు రెండూ కొక్కెంలా పట్టుకొని కదలకుండా బిగుసుకుంటాయి. అందువల్లనే ఈ పిస్టళ్ల మ్యాగజైన్‌లో ఐదు తూటాలకు మించి పెట్టరు, మ్యాగజైన్ కోణాన్ని అంచుల వరుస తప్పకుండా చాలా జాగ్రత్తగా అమరుస్తారు. పోటీలో ఒక్కో సిరీస్‌కు కాల్చేది ఐదే కాబట్టి అది లోపమని ఎవరూ అనుకోరు. నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కింది దాని అంచుకు ముందు ఉండేలా వేలితో సర్దుకోవడం అలవాటు చేసుకుంటే ఈ చిక్కు దాదాపుగా ఎదురుకాదు.

ఇక లాభం ఎక్కడ ఉన్నదంటే, వాడ్‌కటర్ బుల్లెట్ ఆకారంలో. దీనికి మొన ఉండదు. ముందు భాగం నాణెంలా చదునుగా ఉంటుంది. కాగితాన్ని చింపుకుంటూ పోకుండా, తన వెడల్పంత బిళ్లను కత్తిరించి తీసేస్తుంది. మీరు చూసిన శుభ్రమైన రంధ్రాలకు కారణం అదే. ఈ బుల్లెట్‌ను కేసు (మందు నింపే ఇత్తడి డొప్ప) లోపలికి పూర్తిగా, దాని మూతితో సమంగా కూర్చుతారు. దాంతో మొత్తం తూటా పొడవు కేసు పొడవంతే, అంటే సుమారు 23 మిల్లీమీటర్లే అవుతుంది. అదే తూటాను గుండ్రటి మొన బుల్లెట్‌తో చేస్తే 32 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పొట్టి తూటా కాబట్టి మ్యాగజైన్, బోల్టు ప్రయాణించే దూరం రెండూ చిన్నవవుతాయి. పిస్టల్ బరువును చేతికి దగ్గరగా కుదించడానికి తయారీదారులకు అది వీలు కల్పిస్తుంది.

దీనిలోనే ఒక ముఖ్యమైన హెచ్చరిక కూడా ఉన్నది. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన నిర్భీక్‌తో సహా, ఇదే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటాను వాడతాయి. దానికి పుణెలోని ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలు దేశమంతటా దొరుకుతాయి. పేరు ఒకటే కదా అని వాటిని పార్దీనిలో పెట్టబోతే అవి మ్యాగజైన్‌లోకే దూరవు. రివాల్వర్ తూటా, వాడ్‌కటర్ తూటా ఒకే కుటుంబానికి చెందినవే అయినా, ఈ పిస్టల్ మాత్రం రెండో దాన్ని తప్ప దేన్నీ ఒప్పుకోదు. "మా ఊళ్లో .32 దొరుకుతుంది" అనే ధైర్యంతో ఎవరూ ఈ పిస్టల్ కొనకూడదు.

యంత్రం విషయానికి వస్తే, ఈ తూటా లోపలి పీడనం తక్కువ. అమెరికా ప్రమాణాల ప్రకారం .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌కు గరిష్ఠ పరిమితి 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు); .32 ఏసీపీకి 20,500. పీడనం తక్కువైనప్పుడు గొట్టాన్ని, బోల్టును ఒకదానికొకటి తాళం వేసే సంక్లిష్టమైన ఏర్పాటు అవసరం లేదు. బోల్టు బరువు, స్ప్రింగు బలం చాలు. దీన్ని బ్లోబ్యాక్ పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో గొట్టం ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటుంది. సైన్యం, పోలీసులు వాడే సర్వీసు 9 ఎం.ఎం. పిస్టళ్లలో చాలా వాటిలో గొట్టం ప్రతి తూటాకూ కిందికి వాలి మళ్లీ పైకి వచ్చి కుదురుకోవాలి. అది మళ్లీ అదే చోట కుదురుకుంటుందా అన్న ప్రశ్న కదలని గొట్టానికి ఉండదు. నా ఉద్దేశంలో ఈ తూటా కచ్చితత్వంలో సగం గొప్పతనం తూటాది కాదు, అది అనుమతించిన ఈ నిశ్చలమైన గొట్టానిదే.

జవాబు: సెంటర్‌ఫైర్ కరీంనగర్

ఆర్మరర్ గారు యంత్రం సంగతి చెప్పారు కాబట్టి నేను నిబంధనల సంగతి రాస్తాను. ఈ తూటా మోజుకు అసలు వేరు పోటీ నిబంధనల్లోనే ఉన్నదని నా నమ్మకం.

25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ ఒలింపిక్స్‌లో లేదు. అయినా ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో, మన జాతీయ పోటీల్లో ఉన్నది. మన దేశానికి దీనిలో మంచి పేరు కూడా ఉన్నది. జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో దీనిలోనే స్వర్ణం గెలిచారు. 2006లో దోహాలో 590 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేస్తూ మళ్లీ స్వర్ణం గెలిచారు. మొత్తం 60 తూటాలు. మొదటి 30 నిదానంగా, ఐదు నిమిషాలకు ఐదేసి చొప్పున కాల్చాలి. తరువాతి 30 వేగ దశలో వస్తాయి: టార్గెట్ ఏడు సెకన్లు మరుగై, మూడు సెకన్లు ఎదురుగా తిరుగుతుంది, ఆ మూడు సెకన్లలో, కిందికి దించి ఉంచిన చేతిని ఎత్తి ఒక్క తూటా మాత్రమే కాల్చాలి.

ఈ పోటీకి తూటా వ్యాసం 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని నిబంధన. బుల్లెట్ సీసం లేదా అలాంటి మెత్తని లోహంతోనే ఉండాలి, రాగి తొడుగు ఉన్న బుల్లెట్లు పనికిరావు, మాగ్నమ్ తరహా బలమైన తూటాలు పనికిరావు. మీరు అడిగిన .32 ఏసీపీకి జవాబు సగం ఇక్కడే దొరుకుతుంది. మన దగ్గర దొరికే ఏసీపీ తూటాలకు లోహపు తొడుగు ఉంటుంది. వ్యాసం సరిపోయినా తొడుగు వల్ల అవి పోటీ బయటే నిలిచిపోతాయి.

ఇప్పుడు నిబంధనల్లోని అసలు కిటుకు చూడండి. టార్గెట్ మీది పాయింట్ల గీతను తాకీ తాకనట్లున్న రంధ్రాన్ని కొలవడానికి సెంటర్ ఫైర్‌లో వాడే గేజి వ్యాసం 9.65 మిల్లీమీటర్లు. మీరు .32తో కాల్చినా .38తో కాల్చినా కొలత ఒకే గేజితో జరుగుతుంది. అంటే పెద్ద బుల్లెట్ వేసినవాడికి పెద్ద రంధ్రం వల్ల అదనపు పాయింటు రాదు. పెద్ద తూటా వల్ల వచ్చే ఏకైక ప్రయోజనం అలా తీసివేశాక మిగిలేది దాని దెబ్బ మాత్రమే. ఆ దెబ్బను కోరుకునేవారు ఎవరుంటారు? అందువల్ల పరిమితి కింది అంచుకు దగ్గరగా, మెత్తగా తగిలే తూటా వైపు ప్రపంచమంతా మళ్లింది. వాల్తర్ జీఎస్‌పీ-సీ, హేమర్లీ 280, పార్దీని హెచ్‌పీ వంటి పిస్టళ్లన్నీ ఈ లెక్క నుంచి పుట్టినవే.

దెబ్బ ఎంత అన్నది అంకెల్లో చూద్దాం. .22 స్టాండర్డ్ తూటాలో 40 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు) బుల్లెట్ సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో పోతుంది. .32 వాడ్‌కటర్‌లో బుల్లెట్ బరువు 98 నుంచి 100 గ్రెయిన్లు, వేగం దాదాపు 240 మీటర్లు. బరువును వేగంతో గుణించి చూస్తే, .22ను ఒకటి అనుకుంటే .32 వాడ్‌కటర్ 1.8 దగ్గర ఉంటుంది, 9 ఎం.ఎం. సర్వీసు తూటా 3.4 దగ్గర ఉంటుంది. మీ చేతికి "ఎక్కువే కాని భయపెట్టేది కాదు" అనిపించడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఇంకొక ఆకర్షణను కొనేవారు కూడా మొదట గుర్తించరు. ఈ పిస్టళ్లలో చాలా వాటికి .22 రూపం, .32 రూపం రెండూ ఉంటాయి. కొన్నింటిలో ఒకే ఫ్రేము మీద పై భాగాన్ని మార్చుకోవచ్చు. చెక్క పిడి అదే, ట్రిగ్గర్ అదే, సైట్లు కంటికి ఆనే తీరు అదే. .22తో సంపాదించిన అలవాటు వృథా కాకుండా .32లోకి నడిచి వస్తుంది. 9 ఎం.ఎం. పిస్టల్ పట్టుకుంటే చేతి కోణం నుంచి ట్రిగ్గర్ ప్రయాణం దాకా అన్నీ కొత్తగా నేర్చుకోవలసినవే.

ఆ 9 ఎం.ఎం. కూడా మనకు ఎలాగూ అందదనుకోండి. సర్వీసు 9 ఎం.ఎం., .45 రిమ్‌లెస్, .380, .455 రిమ్డ్ తూటాలను పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు మన ఆయుధ నిబంధనల ప్రకారం నిషిద్ధ బోరు (సాధారణ లైసెన్సుకు ఇవ్వని రకం) కిందికి వస్తాయి. అమెరికాలో 1961లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 52 అనే పిస్టల్ .38 స్పెషల్ వాడ్‌కటర్‌ను ఇలాగే బుల్లెట్ కేసులో పూర్తిగా మునిగిన రూపంలో, ఐదు తూటాల మ్యాగజైన్‌తో వాడుతుంది. అద్భుతమైన పనితనం అంటారు. మనవంటివారికి అది ఫొటోల్లో చూసి ఆనందించవలసిన వస్తువు.

జవాబు: బొగ్గుగని (గోదావరిఖని)

నేను ఎదురు మాట రాయక తప్పడం లేదు. పైన చెప్పిన లెక్కలన్నీ నిజమే కాని, అవి జాతీయ పోటీల్లో సెంటర్ ఫైర్ కాల్చి పతకం వైపు చూసేవారికి మాత్రమే నిజం. మిగతావారిలో ఈ తూటా పట్ల కనిపించే మోజులో పెద్ద భాగం, క్షమించాలి, డాబు. రేంజిలో అందరూ .22 డబ్బాలు తెరుస్తుంటే, ఒకరు ఎర్ర డబ్బాలోంచి పొట్టి ఇత్తడి తూటాలు తీసినప్పుడు పక్క లేన్లవారు తలలు తిప్పి చూస్తారు. ఆ చూపు కోసం కొన్నవారు నాకు తెలుసు. వారి పిస్టల్ ఇప్పుడు పెట్టెలోనే ఉంటోంది.

కారణం తూటాలే. లాపువా, ఫియోక్కి వంటి విదేశీ తూటాలు దిగుమతి కావాలి, వాటికి అనుమతులు కావాలి, క్రీడాకారుడిగా మీ అర్హతను బట్టి కోటా ఉంటుంది. ధర .22తో పోల్చదగింది కాదు. నేను చూసిన దుకాణాల్లో ఒక్కదానిలోనూ వాడ్‌కటర్ తూటా నిల్వ లేదు. యూరప్‌లో ఈ పోటీ ఆడేవారిలో చాలామంది ఖాళీ కేసులను మళ్లీ నింపుకొని ఖర్చు తగ్గించుకుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం ఆయుధ చట్టం కింద నేరం కాబట్టి ఆ ఆలోచన మొలకెత్తక ముందే తుంచేయడం మంచిది.

మీరు నెలకు ఎన్ని తూటాలు నిజంగా కాల్చగలరో ఆలోచించుకోండి. వందల కొద్దీ .22 తూటాలు కాల్చే డబ్బుతో .32 కొద్దిగా మాత్రమే కాల్చగలిగితే, పెరిగేది నైపుణ్యం కాదు, ఖర్చు. మన హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది .22తోనే. మహిళల ఆ విభాగంలో .22 తప్ప మరొక తూటాకు చోటే లేదు.

ఓరుగల్లు పిస్టల్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బొగ్గుగని గారి మాటలు గుచ్చుకున్నా ఆలోచింపజేస్తున్నాయి. సీనియర్ గారిది డాబు కాదని మాత్రం చెప్పగలను. ఆయన ఏటా జాతీయ పోటీలకు వెళ్లేవారే.

నాకు ఇంకా ఒక విషయం స్పష్టం కాలేదు. .32 ఏసీపీ పోటీకి పనికిరాదన్నది తొడుగు వల్ల అయితే, ఎవరైనా సీసపు బుల్లెట్‌తో, మంచి గొట్టంతో ఏసీపీ పోటీ పిస్టల్ చేసి ఉండవచ్చు కదా? అలా జరగకుండా రివాల్వర్ తూటానే ఎందుకు నిలిచింది? అలాగే, ఇలాంటి అరుదైన తూటాల మోజు ఇతర దేశాల్లోనూ ఉన్నదా, ఉంటే దానికీ నిబంధనలే కారణమా?

జవాబు: జనగామ పాఠకుడు

నేను కాల్చేవాణ్ణి కాదు, ఆయుధాల చరిత్ర చదివేవాణ్ణి మాత్రమే. మీ రెండో ప్రశ్న నాకు ఇష్టమైనది కాబట్టి దానితో మొదలుపెడతాను.

నిబంధనలే కారణమైన ఉదాహరణల్లో నాకు బాగా నచ్చేది ఇటలీది. అక్కడ సైన్యం వాడే తూటా అన్న కారణంతో 9×19 (19 మిల్లీమీటర్ల కేసు ఉన్న 9 ఎం.ఎం. సర్వీసు తూటా) పిస్టళ్లను పౌరులకు చాలాకాలం ఇవ్వలేదు. దాంతో కేసును రెండు మిల్లీమీటర్లు పొడిగించి 9×21 అనే తూటాను వాడుకలోకి తెచ్చారు. బుల్లెట్ వ్యాసం అదే, బలం దాదాపు అదే, పేరు మాత్రం వేరు. చట్టం అక్షరం మీద నడిచింది, తూటా ఆ అక్షరం పక్కనుంచి నడిచింది. ఇటలీలో ఒక తరం షూటర్లు ఈ తూటాతోనే పెరిగారు.

పోటీ నిబంధన వల్ల వెలిగిన మరొక తూటా .38 సూపర్. కోల్ట్ కంపెనీ దీన్ని 1929లో తెచ్చింది. కార్ల తలుపులను, అప్పటి రక్షణ కవచాలను చీల్చే శక్తి ఉన్నదని అమెరికా పోలీసుల్లో పేరు పొందింది. దీనికీ సగం అంచు ఉంటుంది. మొదట్లో గొట్టంలో తూటాను ఆ అంచు మీదే ఆపేవారు కాబట్టి కచ్చితత్వం లేదన్న అపకీర్తి వచ్చింది. తరువాతి తయారీదారులు కేసు మూతి మీద ఆపేలా గొట్టాలు చేశాక ఆ అపకీర్తి తొలగింది. కదులుతూ వేగంగా కాల్చే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో తూటా బలానికి "మేజర్" అనే హద్దు ఉంది; 1980లలో .45 కంటే చిన్న బుల్లెట్‌తో, మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలతో ఆ హద్దును దాటడానికి .38 సూపర్ పనికొచ్చింది. మరుగున పడిన తూటా అర్ధ శతాబ్దం తరువాత పోటీ వల్ల మళ్లీ లేచింది.

అన్ని అరుదైన తూటాల కథా ఇంత సుఖాంతం కాదు. 1983లో బ్రెన్ టెన్ పిస్టల్‌తో వచ్చిన 10 ఎం.ఎం. ఆటోను, 1986 మయామీ కాల్పుల్లో తన ఏజెంట్లు చనిపోయిన తరువాత ఎఫ్‌బీఐ ఎంచుకున్నది. దాని దెబ్బ మరీ ఎక్కువని తోచడంతో బలం తగ్గించుకుంటూ వెళ్లగా 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ పుట్టింది. 1994లో వచ్చిన .357 సిగ్ మెడ సన్నగా ఉండే తూటా. ఆ మెడ వల్ల గొట్టంలోకి సులువుగా దూరుతుందని అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు, అది నిజమే కూడా. కాని ఒక్క సుగుణంతో ఏ తూటా బతకదు.

ఇక .32 ఏసీపీ విషయం. జాన్ బ్రౌనింగ్ దీన్ని 1899లో రూపొందించారు. బుల్లెట్ 71 గ్రెయిన్లు, వేగం సెకనుకు 275 మీటర్లకు అటూ ఇటూ. లెక్కవేస్తే దీని శక్తి .32 వాడ్‌కటర్ శక్తికి దాదాపు సమానం; కాబట్టి బలం వల్ల ఒకటి గెలిచిందని అనుకోవడానికి వీల్లేదు. ఏసీపీ జేబులో పట్టే పిస్టల్ కోసం పుట్టింది. దాని కేసు 17 మిల్లీమీటర్లే. వాడ్‌కటర్‌లా పొడవైన, బరువైన బుల్లెట్‌ను పూర్తిగా లోపలికి దించితే మందుకు చోటు మిగలదు. 23 మిల్లీమీటర్ల రివాల్వర్ కేసులో బుల్లెట్ మొత్తం మునిగినా కింద కొద్దిపాటి మందుకు స్థలం ఉంటుంది. పైగా రివాల్వర్ టార్గెట్ షూటింగులో ఈ తూటాకు అప్పటికే కచ్చితమైనదన్న పేరు ఉన్నది. సిద్ధంగా ఉన్న మంచి తూటాను వదిలి, ఏసీపీని కొత్తగా మలచవలసిన అవసరం పిస్టల్ తయారీదారులకు కలగలేదు.

ఇషాపూర్‌లో తయారయ్యే అశని వంటి .32 ఏసీపీ పిస్టళ్లు ఆత్మరక్షణ కోసం చేసినవి. పొట్టి గొట్టం, కదలని సైట్లు. వాటిని 25 మీటర్ల టార్గెట్ ముందు నిలబెట్టి తప్పు పట్టడం వాటికి అన్యాయం.

సెంటర్‌ఫైర్ కరీంనగర్

బొగ్గుగని గారి మాటల్లో తూటాల కొరత గురించి చెప్పినది అక్షరాలా నిజం, దానిలో వాదించను. డాబు గురించి మాత్రం నా అభిప్రాయం వేరు.

.22తో ఎంతకాలం సాధన చేసినా కొన్ని లోపాలు దాగి ఉంటాయి. దెబ్బ తక్కువ కాబట్టి మణికట్టు కొంచెం సడలినా, తూటా వెళ్లకముందే భుజం వదిలేసినా, రంధ్రం తొమ్మిదిలోనో పదిలోనో పడి మనల్ని మోసం చేస్తుంది. .32 వాడ్‌కటర్ అలా క్షమించదు. బుల్లెట్ నెమ్మదైనది, గొట్టంలో .22 కంటే కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, ఆ కొంచెంలో చేయి చేసిన ప్రతి పని కాగితం మీద కనిపిస్తుంది. అయినా దెబ్బ హద్దు దాటదు కాబట్టి ఉలికిపాటు అలవాటు కాదు. దెబ్బ బలంగా ఉన్న తూటాతో సాధన చేసేవారికి ట్రిగ్గర్ నొక్కే ముందే కన్ను మూసుకునే జబ్బు వస్తుంది, అది వదలడం చాలా కష్టం. తప్పును చూపించేంత బరువు, భయాన్ని నేర్పనంత మెత్తదనం: ఈ రెండూ ఒక్క తూటాలో కలిసి దొరకడం అరుదు. ఆ మోజును డాబు అనలేను.

ఓరుగల్లు పిస్టల్ గారు, మీరు స్టాండర్డ్ పిస్టల్‌లో (ఐదేసి తూటాలను 150, 20, 10 సెకన్లలో కాల్చే .22 పోటీ) మూడు దశల్లోనూ స్థిరంగా కాలుస్తున్నారా? 150 సెకన్ల దశలో బాగుండి, 10 సెకన్ల దశలో స్కోరు జారిపోతుంటే .32 మిమ్మల్ని బాగుచేయదు. మూడూ సమంగా ఉంటే అప్పుడు ఆలోచించండి. కొనడానికి ముందు అడగవలసిన మొదటి ప్రశ్న పిస్టల్ ధర కాదు. మీ క్లబ్బు ద్వారా కాని, రాష్ట్ర సంఘం ద్వారా కాని రాబోయే సీజనుకు వాడ్‌కటర్ తూటాలు ఎన్ని వస్తాయన్నది. ఆ అంకె మీ చేతికి వచ్చాకే కమిషనరేట్‌లో దరఖాస్తు సంగతి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత సాధారణ లైసెన్సుదారుడికి రెండు ఆయుధాలే పరిమితి. క్రీడాకారుల మినహాయింపు వేరుగా ఉంటుంది కాబట్టి ఇప్పటికే మీ పేరు మీద ఉన్నవాటితో కలిపి లెక్క చూసుకోండి. ఉత్తర తెలంగాణలో తుపాకీ లైసెన్సు అనగానే ఒకప్పటి రోజులు గుర్తుకు వచ్చి విచారణ కాస్త లోతుగా జరుగుతుంది. పోటీల సర్టిఫికెట్లన్నీ వరుసగా ఫైలులో పెట్టుకొని వెళ్తే అడిగేవారికీ, చెప్పేవారికీ సులువు.

బొగ్గుగని (గోదావరిఖని)

లోపాలను చూపించే గుణం సంగతి ఒప్పుకుంటాను. ఆ కోణంలో నేను రాయలేదు. అయితే ఆ పనికి సొంత పిస్టల్ అవసరమా? సీనియర్ గారు ఒప్పుకొని, తూటాల ఖర్చు మీరు పెట్టుకొని, ఆయన సమక్షంలో రేంజిలోనే అప్పుడప్పుడు ఒక సిరీస్ కాల్చగలిగితే ఆ పాఠం అందుతుంది కదా.

ఓరుగల్లు పిస్టల్

నిజం చెప్పాలంటే 10 సెకన్ల దశ నాకింకా కుదరలేదు. కాబట్టి కొనుగోలు ఆలోచనను పక్కన పెట్టి, బొగ్గుగని గారు చెప్పిన మార్గంలోనే సీనియర్ గారిని అడుగుతాను. ఆర్మరర్ గారికి చివరి ప్రశ్న: ఆయన పిస్టల్‌ను నేను వాడినప్పుడు శుభ్రం చేసి ఇవ్వడం నా బాధ్యత. .22కూ దీనికీ తేడా ఏమైనా ఉన్నదా?

పాత ఆర్మరర్ (మామునూరు)

ఉన్నది. ఈ బుల్లెట్ మెత్తని సీసం, పైన కొవ్వు పూత. గొట్టంలో సీసం పొరలా అంటుకుంటుంది, తూటా కూర్చునే గది అంచు దగ్గర కొవ్వు, మసి కలిసి ముద్దగా గట్టిపడతాయి. ఆ ముద్ద వల్ల తూటా చివరి మిల్లీమీటరు దూరక బోల్టు పూర్తిగా మూసుకోదు. చాలామంది దాన్ని స్ప్రింగు లోపమనుకొని స్ప్రింగులు మారుస్తారు. కాల్చిన రోజే, గొట్టం ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ముందు తూటా గదిని, తరువాత గొట్టాన్ని ఇత్తడి బ్రష్‌తో తుడవండి. ఉక్కు బ్రష్ వద్దు. బోల్టు ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే భాగం) గోరు కింద పేరుకున్నది పుల్లతో తీయండి. నూనె తక్కువ వాడండి; మన ఎండాకాలం దుమ్ముకు ఎక్కువ నూనె జిగురులా పనిచేస్తుంది.

శుభ్రత కంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఈ తూటాలో మందు చాలా కొద్దిగా ఉంటుంది. ఎప్పుడైనా చప్పుడు మామూలు కంటే నీరసంగా వినిపిస్తే, లేదా కాగితం మీద రంధ్రం పడకపోతే, టైము నడుస్తున్నా సరే రెండో తూటా కాల్చకండి. బుల్లెట్ గొట్టం మధ్యలో నిలిచిపోయి ఉండవచ్చు. దాని వెనుక ఇంకొకటి వస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చేతిని ఎత్తి రేంజి అధికారిని పిలవండి. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, గొట్టంలో వెలుతురు కనిపిస్తున్నదో లేదో అధికారి ఎదుటే చూడాలి. పోటీలో అయితే దానికి లోపపు తూటా కింద నిబంధన ప్రకారం అవకాశం ఇస్తారు, కాబట్టి తొందరపడవలసిన పని లేదు.